నల్లగొండలో మా సైకిల్ షాపు: పని బాగుంటుంది, అక్కడి పిల్లల మర్యాద ఇంకా బాగుంటుంది

నల్లగొండలో సైకిల్ కొనాలన్నా, ఇంట్లో మూలన పడున్న పాత సైకిల్ని మళ్ళీ రోడ్డెక్కించాలన్నా క్లాక్ టవర్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో, సందులో ఉన్న ఆ చిన్న షాపుకే వెళ్ళమని చెప్తాను. బోర్డు మీద రంగు వెలిసిపోయి పేరు కనపడదు, పేరుతో పని కూడా లేదు, "ఆదివారం సైకిళ్ళోళ్ళ షాపు" అని అడిగితే ఆ వరసలో ఎవరైనా చూపిస్తారు. రిపేరు ఎలా చేస్తారో, ఏం దొరుకుతాయో, ఏం దొరకవో అన్నీ రాస్తాను గానీ ఈ రివ్యూకి అసలు కారణం వేరే. అక్కడ పనిచేసే ఇద్దరు పిల్లగాళ్ళు, వాళ్ళతో పాటు ఆదివారం పొద్దున్నే సైకిళ్ళేసుకుని వచ్చే కాలేజీ పిల్లలు, స్కూలు పిల్లలు పెద్దవాళ్ళతో ఎలా ఉంటారో చూసినప్పటి నుంచి నాకు నలుగురికీ చెప్పాలనిపిస్తూనే ఉంది. "ఈ కాలం పిల్లలకు చిన్నంతరం పెద్దంతరం లేదు" అనే మాట రోజూ ఎక్కడో ఒకచోట వింటాం. అలా అనేవాళ్ళు ఒక్క ఆదివారం వీళ్ళతో ఊరి పక్కనున్న పానగల్లు దాకా వచ్చి చూడాలి.

నేను మిషన్ కుడతాను. లేడీస్ టైలరింగ్. రోజంతా కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తుంటే డాక్టరు నడవండి, లేదంటే సైకిల్ తొక్కండి అన్నారు. చిన్నప్పుడు మా అన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి ఊరంతా తిరిగినదాన్ని కాబట్టి సైకిలే కొనుక్కుందామనుకున్నాను. ముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూముకు వెళ్ళాం, పేరు అనవసరం. వెంట మా అబ్బాయి వచ్చాడు. అక్కడి సేల్స్ అబ్బాయి మాట్లాడిందంతా మా వాడితోనే. తొక్కేది నేను బాబూ అని చెప్పినా నా వైపు తిరగలేదు, "ఆంటీకి ఏదన్నా సింపుల్‌గా ఉండేది చూద్దాం బ్రో" అని మళ్ళీ వాడితోనే అన్నాడు. ఏమీ కొనకుండా బస్సెక్కి వచ్చేశాం. వస్తున్నంత సేపు నాకు సైకిల్ దొరకలేదనే బాధ లేదు, నన్ను అక్కడ లేని మనిషిలా చూశారే అని ఉంది.

మా నల్లగొండ షాపులో స్టూలు వేసి కూర్చోబెట్టిన పిల్లగాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. "కూసోండ్రి అక్కా, తొక్కేది మీరేనా?" అన్నాడు. తర్వాత వరసగా ప్రశ్నలు. ఇంటి నుంచి షాపు దాకనేనా, దూరం కూడా పోతరా? నొచ్చేది ఏ మోకాలు? ఎక్కేటప్పుడు నొస్తదా, దిగేటప్పుడా? చీరలో తొక్కుతరా, డ్రెస్సులోనా? ఆ చివరి ప్రశ్న మా ఇంట్లోవాళ్ళు కూడా అడగలేదు. చీరయితే వెనక చక్రంలో చిక్కుకోకుండా అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి, చైన్‌కి పూర్తి కవర్ ఉండాలి, ముందు కడ్డీ వంగి కిందికి ఉండాలి, అందుకని అడిగాడు. మా అబ్బాయికి టీ తెప్పించాడు, మాట మాత్రం నాతోనే. గేర్ల సైకిల్ చూపించమంటే చూపించాడు గానీ, "మీరు పోయే తొవ్వల గుట్టలు లేవక్కా, గేర్లకు పైసలు పెట్టుడెందుకు, గా పైసలు సీటు మీద పెట్టండ్రి" అన్నాడు. ఖరీదైనది అంటగట్టే అవకాశం ఉండి కూడా తక్కువ దాన్ని చూపించిన మనిషిని నేను వ్యాపారంలో అరుదుగా చూశాను.

సీటు ఎత్తు సరిచేసిన తీరు కూడా చెప్పాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పనికొస్తుంది. సీటు మీద కూర్చుని, మడమను పెడలు మీద పెట్టి, పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు కాలు చక్కగా చాపినట్టు ఉండాలి. అప్పుడు తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీదికి వస్తుంది కాబట్టి మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. చాలామంది నేల మీద రెండు కాళ్ళూ పూర్తిగా ఆనాలని సీటు దించేసుకుంటారు, అదే మోకాలికి చేటు. ఇదంతా చెప్తూ ఆ పిల్లగాడు నా కాలు ముట్టుకోలేదు. తనే పక్కనున్న సైకిల్ ఎక్కి కూర్చుని చూపించాడు, నేను చూసి సరిచేసుకున్నాను. చిన్న విషయమే. కొలతలు తీసుకునే పని చేసేదాన్ని కాబట్టి, ఎదుటి మనిషి ఒంటికి ఎంత దూరంలో నిలబడాలో తెలియడం ఎంత పెద్ద విద్యో నాకు తెలుసు.

ఇక పనితనం. షాపు ఓనరు యాభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడరు. పనంతా ఈ ఇద్దరు పిల్లగాళ్ళదే. వాళ్ళ చేతిపని నేను దగ్గరుండి చూసింది కాక సైకిల్ ఓవరాలింగ్ చేసిన రోజు. కాక అంటే నాకు చుట్టం కాదు, అందరూ అలాగే పిలుస్తారు. డెబ్బై దాటాయి, నకిరేకల్ దిక్కు. ఒకప్పుడు సైకిల్ టాక్సీ నడిపాడు. ఇప్పటి పిల్లలకు సైకిల్ టాక్సీ అంటే తెలియకపోవచ్చు, గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు, ప్రతి సైకిల్‌కీ వెనక మడ్‌గార్డు మీద నంబరు రాసి ఉండేది. ఆ షాపు పోయినా ఒక సైకిల్ని కాక ఉంచుకున్నాడు. నల్లటి అట్లాస్, రాడ్ బ్రేకులు, వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో 7.

దాన్ని చూసి నవ్వేవాళ్ళే ఎక్కువ. కొత్తది కొనుక్కోరాదా అని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఈ పిల్లగాడు మాత్రం సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, "కాకా, రంగు గట్లనే ఉంచాల్నా?" అని మొదట అదే అడిగాడు. ఉంచమన్నాక, ఆ 7 అంకె మీద కాగితం పెట్టి టేపు అంటించి, అప్పుడు కిరోసిన్ గుడ్డతో మిగతా మడ్‌గార్డు తుడిచాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. కాక అది చూస్తూ కూర్చున్నాడు.

పాత నల్ల సైకిళ్ళలో పెడలు తగిలించే క్రాంకును ఇరుసుకు బిగించడానికి కాటర్ పిన్ను ఉంటుంది, ఏళ్ళు గడిస్తే తుప్పు పట్టి రాదు. తెలియనివాళ్ళు సుత్తితో బాదితే మరలు చెదిరి పిన్ను ఇంకా బిగుసుకుంటుంది, లోపలి బేరింగుకు దెబ్బ. ఈ పిల్లగాడు ముందు నూనె పోసి వదిలేశాడు, తర్వాత నట్టును కొసదాకా వదులు చేసి, క్రాంకు కింద చెక్క ముక్క ఆనించి, ఒక్కటే గట్టి దెబ్బ కొట్టాడు. వచ్చేసింది. చక్రాల మధ్యలో ఉండే హబ్బులు విప్పేటప్పుడు కింద పళ్ళెం పెట్టుకున్నాడు, లోపలి ఇనుప గుండ్లు, అదే బాల్సు, దొర్లిపోకుండా. "ముందు హబ్బుకు ఒక్కో పక్క పది, వెనక హబ్బుకు ఒక్కో పక్క తొమ్మిది, గంతే గదా కాకా?" అని అడిగాడు. లెక్క వాడికి తెలుసు, తెలిసే అడిగాడనిపించింది. కాక ముఖంలో వెలుగు వచ్చింది. స్టూలు దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టాడు. "లెక్క సరే బిడ్డా, బాల్సును ఒత్తిపట్టే కోన్ బిగించేకాడ ఉంటది అసలు పని. చక్రం లేపి పట్టుకో, వాల్వును పక్కకు ఉంచి వదులు. గా వాల్వు బరువుకే చక్రం దానంతటది తిరిగి వాల్వు కిందికి రావాలె. రాలేదంటే బిగుసుకున్నట్టు. పట్టుకొని ఊపితే టకటక అన్నదనుకో, వదులైనట్టు. ఆ రెంటికీ నడుమ ఉంటది."

పిల్లగాడు అలాగే చేశాడు. మొదట రాలేదు. కొద్దిగా వదులు చేసి మళ్ళీ లేపాడు. చక్రం ఒక్క క్షణం ఆగి, మెల్లగా తిరిగి, వాల్వు అట్టడుగున ఆగింది. లోపల పనిచేస్తున్న రెండో పిల్లగాణ్ణి కేకేసి, "రా, కాక ఒకటి చూపిస్తుండు" అన్నాడు. నేను చూపిస్తాను రా అనలేదు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించింది. ఫోనులో వీడియోలు చూసి ఎంతో నేర్చుకున్న పిల్లలు వీళ్ళు, ఏడు గేర్ల సైకిల్‌కి గేర్లు కుదిర్చేటప్పుడు చూడాలి చేతులు ఎంత వేగంగా కదులుతాయో. అయినా ఇప్పటికీ ఎవరి సైకిల్‌కి హబ్బు బిగించినా ఆ వాల్వు పరీక్ష చేసి, "ఇది కాక నేర్పిండు" అని చెప్తారు. కాక అక్కడ లేనప్పుడు కూడా చెప్తారు. నమస్తేలు పెట్టడం, అండీ గిండీ అనడం ఎవరైనా చేస్తారు, నేర్పిన మనిషి పేరు ఆ మనిషి లేని చోట చెప్పడం ఎంతమంది చేస్తారు?

ఈ సైకిల్‌కి సామాన్లు దొరుకుతాయా అని కాక దిగులుపడితే ఆ పిల్లగాడే ధైర్యం చెప్పాడు. అట్లాస్ కంపెనీ 1951లో సోనీపత్‌లో మొదలైంది, సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. చిత్రం ఏమిటంటే అది ప్రపంచ సైకిల్ దినోత్సవం, 2018లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజు. కానీ ఈ నల్ల సైకిళ్ళ కొలతలు ఏ కంపెనీవైనా దాదాపు ఒకటే, టైరు 28 ఇంటూ ఒకటిన్నర, లూధియానా నుంచి వచ్చే సామాన్లు సరిపోతాయి. "కంపెనీ పోయినా కొలత పోలే కాకా" అన్నాడు. రెండు రోజులకు సైకిల్ ఇచ్చేటప్పుడు తీసేసిన పాత పిన్నులు, అరిగిన బ్రేకు రబ్బర్లు, పాత బాల్సు అన్నీ ఒక కవర్లో వేసి కాక చేతికిచ్చాడు. జాకెట్టు కుట్టాక మిగిలిన ముక్క గుడ్డ తిరిగిచ్చే టైలరును జనం ఎందుకు నమ్ముతారో, ఈ షాపునూ అందుకే నమ్ముతారు.

చైన్ మార్చాలని చెప్పేటప్పుడు కూడా నోటిమాటతో చెప్పరు. స్కేలు పెట్టి చూపిస్తారు. కొత్త చైన్‌లో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం, పన్నెండు అంగుళాల గీత మీద సరిగ్గా ఒక పిన్ను రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి పక్కకు పోయిందంటే చైన్ సాగినట్టు, మార్చకపోతే పళ్ళచక్రం కూడా పాడవుతుంది. పదో తరగతి పిల్లకైనా, డెబ్బై ఏళ్ళ పెద్దాయనకైనా అదే స్కేలు, అదే ఓపిక. ఎంత అవుతుందో ముందే చీటీ మీద రాసిస్తారు, చీటీ మీద లేనిది చేయాల్సి వస్తే ఫోన్ చేసి అడిగాకే చేస్తారు. పంచరుకు ఊళ్ళో అందరూ తీసుకునేంతే.

ఆదివారం సంగతికొస్తాను. పొద్దున ఐదున్నరకు షాపు ముందు కలుస్తారు, ఎండాకాలం ఇంకా ముందే. ఫీజు లేదు, సభ్యత్వం లేదు, ఆ షాపులోనే సైకిల్ కొని ఉండాలనీ లేదు. ఆరో తరగతి పిల్లవాడి నుంచి కాక దాకా వస్తారు. బత్తాయి తోట రైతు ఒకాయన, ఇరిగేషన్‌లో చేసి రిటైరైన సారు, డిగ్రీ పిల్లలు, ఐటీఐ పిల్లలు, బ్యాంకు సారు, అప్పుడప్పుడు వాళ్ళ భార్య, నేను, నాతో పాటు మా వీధి అమ్మాయి ఒకతె. మా ఊళ్ళో సైకిళ్ళకు వేరే దారి అంటూ ఏమీ లేదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మాకు లారీలు, ఆటోలు, బర్రెలు, ఎండబోసిన వడ్లు అన్నీ ఒకే రోడ్డు మీద. కాబట్టి కలిసి పోవాలంటే పద్ధతి ఉండాలి, ఆ పద్ధతి ఈ పిల్లలు పెట్టుకున్నదే.

అందరికంటే బాగా తొక్కేవాళ్ళు అందరికంటే వెనక ఉంటారు. అదీ పద్ధతి. వాళ్ళలో ఒక అబ్బాయి హైదరాబాద్ వెళ్ళి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడు, పూర్తి చేశాడు. ఆ గడువు పదమూడున్నర గంటలు, ఆగినా తిన్నా గడియారం ఆగదు. అంత తొక్కగలిగిన పిల్లగాడు మా వెనక మా వేగంతో వస్తాడు. పెడలు తొక్కడం ఆపితే వెనక చక్రం ఫ్రీవీల్ టకటకమంటుంది, అది వెనకాల వినపడితే ముందున్నవాళ్ళకు, అయ్యో మన వల్ల ఆగుతున్నారే అని టెన్షన్ మొదలవుతుంది. అందుకని ఆ అబ్బాయి పెడలు ఆపడు. చిన్న గేరు వేసుకుని మెల్లగా తొక్కుతూనే ఉంటాడు, చప్పుడు రాకుండా. నేనే ఒకరోజు అడిగితే చెప్పాడు, "సప్పుడైతే మీరు తొందరపడ్తరు పెద్దమ్మా" అని. దాటి వెళ్ళాల్సి వస్తే ఒక్కసారి బెల్లు కొట్టి, "కుడి దిక్కు నుంచి వస్తున్న" అని మామూలు గొంతుతో చెప్పి వెళ్తారు. కేకలు ఉండవు, చేతులు వదిలేసి తొక్కే విన్యాసాలు చిన్నపిల్లల ముందు చేయరు.

అమ్మాయిల విషయం విడిగా రాయాలి, ఎందుకంటే తల్లులు మొదట అడిగేది అదే. ఫోటో తీసేముందు అడుగుతారు, వద్దంటే మళ్ళీ అడగరు. మా వీధి అమ్మాయి చైన్ పడితే నలుగురు మీద పడి సాయం చేయలేదు, ఒకరు పక్కన నిలబడి ఎలా ఎక్కించాలో చెప్పారు, తనే ఎక్కించుకుంది. చేతికి అంటిన గ్రీజు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చారు. వాళ్ళమ్మ మొదట్లో స్కూటీ మీద వెనకాలే వచ్చేది, ఇప్పుడు రావడం లేదు.

పానగల్లు దాకా మామూలుగా పోయే దారి. ఛాయా సోమేశ్వరాలయం దగ్గర సైకిళ్ళు బయట వరసగా పెట్టి లోపలికి వెళ్తాం. కుందూరు చోళుల కాలం నాటి గుడి, గర్భగుడి గోడ మీద పొద్దంతా కదలకుండా ఒకే నీడ నిలబడుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. బయట ఒకే ఒక్క స్తంభం నీడ అయితే సూర్యుడితో పాటు జరగాలి కదా, జరగదేంటి అని బత్తాయి రైతు అడిగితే, ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె, వెలుగు ఒక్క దారి నుంచి కాకుండా చాలా స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వస్తుందని, మెట్టు మీద చిన్న రాళ్ళు నిలబెట్టి మరీ వివరించింది. "ఆయనకేం అర్థమైతది" అనే ధోరణి ఎక్కడా లేదు. ఆయన మధ్యలో ఆపి అడిగిన ప్రతిసారీ రాళ్ళు మళ్ళీ సర్ది మొదటి నుంచి చెప్పింది.

పెద్దవాళ్ళు చెప్తే పిల్లలు ఎలా వింటారో ఉదయ సముద్రం చెరువు కట్ట మీద చూడాలి. ఇరిగేషన్ సారు అక్కడికి రాగానే నీళ్ళ గురించి మొదలుపెడతారు. సాగర్ వెనక జలాల్ని పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లికి తెచ్చి, అక్కడి నుంచి కాలువల మీదుగా ఇక్కడికి తెస్తారని, ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు అదేనని, ఈ చెరువులో ఒకటిన్నర టీఎంసీ పడుతుందని. ఆయన ఇది ఇదివరకూ చెప్పారు. పిల్లలు ముఖాలు చూసుకోరు, ఫోన్లు తీయరు. "మరి ఎండాకాలం సాగర్‌ల నీళ్ళు తగ్గితే మోటర్లకు అందుతయా సార్?" అని ఒకడు అడిగాడు. విన్నవాడికే అలాంటి ప్రశ్న వస్తుంది. సారు ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆ ప్రశ్న గురించే మాట్లాడారని వాళ్ళావిడ నా దగ్గర జాకెట్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది.

కోతల టైములో ఊళ్ళ దారిన వెళ్తే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఎండబోసి ఉంటాయి. బండ్లు వాటి మీదుగానే పోతుంటాయి. ఈ పిల్లలు దిగి, సైకిల్ నడిపించుకుంటూ పక్కనుంచి పోతారు. వడ్లు కాలితో తిరగేస్తున్న ముసలమ్మ ఒకామె, "పోండ్రి బిడ్డా, ఏం గాదు, లారీలే పోతున్నయి" అంది. "లారీలు పోతే పోనీ అవ్వా, మేం తొక్కం" అన్నాడు మా వెనక వచ్చే అబ్బాయి. వాడిది తిప్పర్తి దిక్కు రైతు కుటుంబం. కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక వడ్ల మీదికి పోతే మందలించరు, తాము ముందు దిగి నడుస్తారు, చూసి వాళ్ళూ దిగుతారు.

పోయిన ఎండాకాలం జరిగిన సంగతి ఒకటి చెప్పకపోతే ఈ రివ్యూ రాసీ దండగ. తిరిగి వస్తుంటే బ్యాంకు సారు సైకిల్ కొద్దిగా అటూ ఇటూ పోతోంది. ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానంటారు, ఆ మనిషి తీరే అంత. వెనకున్న అబ్బాయి పక్కకు వచ్చి, "సార్, నా చైన్ ఎందుకో జారుతున్నది, ఆ యాపచెట్టు కింద రెండు నిమిషాలు ఆగుదమా?" అన్నాడు. అందరం ఆగాం. వాడు సైకిల్ తిరగేసి చైన్ చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఇంకొకడు ఓఆర్‌ఎస్ కలిపి మొదట సారుకు కాకుండా నాకు ఇచ్చాడు, తర్వాత సారుకు, తర్వాత మిగతావాళ్ళకు. తువ్వాలు తడిపి ఇచ్చారు. సారు చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు, చెమటలు కారిపోతున్నాయి. గుంపు మూగకుండా మమ్మల్ని ముందుకు పంపించారు. "ఇంటికి ఫోన్ జేయాల్నా సార్, వద్దా? మీరెట్లంటె గట్ల" అని అడగడం వెళ్తూ వెళ్తూ విన్నాను. ఆయన ఆటో అన్నారట, ట్రాలీ ఆటో పిలిచి సైకిల్ అందులో ఎక్కించి, ఒకడు కూడా వెళ్ళి ఇంటి దగ్గర దించి, డాక్టరుకు చూపించుకున్నారో లేదో సాయంత్రం కనుక్కున్నారు.

తర్వాత ఆదివారం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎండలు ముదిరాయి, అందరం ఇంకా ముందు బయల్దేరి పానగల్లు నుంచే తిరిగి వద్దామని చెప్పారు, అంతే. అందరం అన్నారు గానీ సార్ కోసం అనలేదు. చాలా రోజుల తర్వాత టీ తాగుతుంటే సారే చెప్పారు, "ఆ రోజు వాడి చైన్‌కు ఏమీ కాలేదమ్మా, నాకు తెలుసు" అని. సొంత కొడుకులు కూడా ఇంత నేర్పుగా చూసుకుంటారో లేదో అని ఆయన అంటుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

పెద్దవాళ్ళందరూ అలాగే ఉన్నారా అంటే లేరు. ఒకాయన వచ్చినప్పుడల్లా షాపు పిల్లగాణ్ణి పట్టుకుని, "చదువు ఆపేసి ఇట్ల సైకిళ్ళు బాగుచేసుకుంట ఎన్ని రోజులుంటవ్?" అనేవారు. వాడు తలొంచుకుని, "సూస్త సార్" అని పని చేసుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. చేతిపని చేసి పిల్లల్ని చదివించినదాన్ని నేను. ఒకరోజు కాకే అందుకున్నాడు, "పని నేర్చినోన్ని తక్కువ జేసి మాట్లాడకు పటేలా, నీ సైకిల్ ఎవరు బాగు జేసిన్రు?" అని. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట వినపడలేదు. పిల్లలు మర్యాదగా ఉన్నారని మనం నోటికి వచ్చింది అనకూడదు. వాళ్ళు ఓర్చుకుంటున్నది చేతకాక కాదు. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్ళిన సుందరయ్య గారి సంగతి టీ దగ్గర గర్వంగా చెప్పుకునే జిల్లా మనది, సైకిల్ బాగుచేసే చేతిని చిన్నచూపు చూడటం మనకు తగదు.

షాపులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. జాగా చాలా చిన్నది, ఇద్దరు కస్టమర్లు వస్తే మూడోవాళ్ళు ఎండలో నిలబడాలి, ఓనరు ఒక షెడ్డు లాంటిది వేయిస్తే బాగుంటుంది. జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో పిల్లల సైకిళ్ళతో నిండిపోతుంది, చెప్పిన రోజుకు ఇవ్వలేరు. సన్న వాల్వు ఉండే రేసింగు సైకిల్ ట్యూబులు చాలాసార్లు ఉండవు, తెప్పించాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల పని వాళ్ళకు రాదు, ఆ మాట వాళ్ళే చెప్పి హైదరాబాద్ తీసుకెళ్ళమంటారు. రాని పనిలో చేయి పెట్టి పాడుచేయకపోవడం నాకైతే మంచి గుణంగానే అనిపిస్తుంది గానీ, ఖరీదైన సైకిల్ ఉన్నవాళ్ళు తెలుసుకుని వెళ్ళాలి. ఆడవాళ్ళ తలకు, చిన్నపిల్లల తలకు సరిపోయే హెల్మెట్లు రెండు మూడు రకాలకు మించి లేవు. వీటి గురించి ఓనరుకు చెప్పాను, రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనం టైములో ఫోన్ ఎత్తరు, సాయంత్రం నాలుగు దాటాక చేయండి. ఓవరాలింగ్ అయితే వారం మధ్యలో ఇస్తే తొందరగా వస్తుంది. ఆదివారం రైడుకు కొత్తగా రావాలనుకునేవాళ్ళు శనివారం సాయంత్రం సైకిల్ తీసుకుని షాపుకు వెళ్తే బ్రేకులు, గాలి ఉచితంగా చూసి పంపిస్తారు. ఆదివారం పొద్దున మాత్రం షట్టరు తీయరు, పంచరు ఉంటే ముందు రోజే వేయించుకోండి.